ఉప్పు లేని వరుగులు

స్లౌ,
ఫిబ్రవరి, ఆదివారం

ప్రఫుల్ల వదినగారికి,

నమస్కారం పెట్టకుండానే మొదలుపెడుతున్నాను. తప్పనుకుంటే అనుకోండి. ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్‌లో నాకు సగం మాటలు వినపడవు. పైగా నాలుగు మాటలు అరిచేస్తే కోపం దిగిపోతుంది. ఈ కోపం దిగిపోవడం నాకు ఇష్టం లేదు.

నిన్న మీరు మీ అమ్మాయితో మాట్లాడింది నేను విన్నాను. మనస్విని ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని సోఫాలో పడుకుంది. నేను వెనకాల బట్టలు మడతపెడుతున్నాను. "కుక్కకే సరిగ్గా తిండి పెట్టడం రాని మనిషి చేతికి రేపు పసిబిడ్డను ఎలా ఇస్తావే" అన్నారు. అదొక్కటీ ఒక్క అక్షరం పోకుండా వినపడింది నాకు.

వదినగారూ, కుక్కంటే నాకు భయం. మా రేపల్లెలో పక్కింటాయన పిచ్చికుక్క కరిచి పోవడం కళ్లారా చూసినదాన్ని. ఈ ఇంట్లో మాంటీ చెవులు వేలాడేసుకుని నా వైపు వస్తే ఇప్పటికీ కాళ్లు కుర్చీ మీదికి లాక్కుంటాను. అలాంటిదాన్ని దానికి వండిపెట్టే పనికి ఎందుకు దిగానో మీకు తెలుసు. అంతకుముందు మీ అమ్మాయే కోడి కార్జం ఓవెన్‌లో ఎండబెట్టి దానికి చిరుతిండి చేసేది. కడుపుతో ఉన్నప్పటి నుంచి ఆ వాసనకు బాత్‌రూమ్‌కు పరుగెత్తేది. షాపులో కొన్నవి ఆ కుక్క పొట్టకు పడవు. కూరగాయలతో ఏదైనా చేసిపెట్టగలవా అత్తయ్యా అని అడిగింది. పిల్ల అంత అవస్థ పడుతుంటే చేయనని ఎలా అంటాను?

ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, ఇవి కుక్కకు విషమని మొదటిరోజే చెప్పింది. నేను దేవుడి పేర్లలాగా రోజూ అనుకునేదాన్ని. వంట అన్నాక చెయ్యి దానంతటది ఉప్పు మీదికి పోతుందేమోనని భయపడి, అది చేసే రోజున ఉప్పు డబ్బా తీసుకెళ్లి మేడమీద నా మంచం కింద పెట్టేదాన్ని. దాని గొంతుకు అడ్డం పడుతుందేమోనని ప్రతి వాయిలోనూ ఒక ముక్క ముందు నేను కొరికి చూసేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇన్ని నెలలు ఏమీ కాలేదు. సీమంతం అయిన మర్నాటి నుంచి మాంటీకి వాంతులు. ఆ తరవాత లేవలేదు, చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. కుక్కల డాక్టరు రక్తం తీసి చూసి, ఉల్లో వెల్లుల్లో బాగా తిన్నది, రక్తం విరిగిపోతోంది అన్నాడట. అక్కడే ఉంచుకుని బతికించి పంపారు. ఇప్పుడు మెట్ల కింద పడుకుని ఉంది. నన్ను చూసి తోక కూడా ఆడించడం లేదు.

మా శశాంక్ నా గదిలోకి వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, ఏం కలిపావో చెప్పు. తిట్టను. చెప్తే చాలు" అన్నాడు. కలిపావా అని అడగలేదు వదినగారూ. ఏం కలిపావని అడిగాడు. నేను కన్న కొడుకు.

మీరన్న మాట మీ అమ్మాయి దగ్గర మీరే వెనక్కి తీసుకోండి. ఏప్రిల్‌లో పుట్టే బిడ్డను నా చేతికి ఇవ్వరేమోనన్న దిగులుతో నాకు అన్నం దిగడం లేదు.

కమలాదేవి


లీడ్స్,
మార్చి, మొదటి వారం

కమలాదేవి వదినగారికి,

మీ ఉత్తరం అందింది. మావారు కూడా చదివారు. ఇంట్లో వాళ్ల ఫోన్ మాటలు వెనక నిలబడి వినడం గురించి నేనేమీ అనను.

మీరు కావాలని చేశారని ఎవరూ అనుకోవడం లేదు. మీ కుడికంట్లో శుక్లం ఉంది. జీపీ డాక్టరు చెప్పినా ఆపరేషన్‌కు భయపడి వాయిదా వేస్తున్నారు. ఆ వంటింట్లో రాగిపిండి డబ్బా పక్కనే గార్లిక్ పౌడర్ డబ్బా ఉంటుంది. ఆ కుక్క బిస్కట్ల పిండిలో ఒకటి అనుకుని ఒకటి వేయడం ఎవరికైనా జరుగుతుంది. దాన్ని ఒప్పుకోకుండా ఇంత కోపం తెచ్చుకోవడమే నాకు అర్థం కాలేదు. రేపు పాలసీసాలో కొలత తప్పితే? ఆ మాట అన్నది తల్లిగా. వెనక్కి తీసుకోను.

తొలికాన్పు పుట్టింటివారి బాధ్యత. అది మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. హాస్పిటల్ అక్కడే కాబట్టి మనస్విని లీడ్స్‌కు రాలేదు, నేనే స్లౌ వస్తాను. చిన్న ఇల్లు, ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే వాళ్లకూ ఇబ్బంది. ఆ రెండు నెలలు మీరు క్రోయిడన్‌లో మీ హైమ దగ్గర ఉంటే మీకూ విశ్రాంతిగా ఉంటుంది. శశాంక్‌తో మాట్లాడాను. సరేనన్నాడు.

ఆరోగ్యం జాగ్రత్త.

ప్రఫుల్ల


క్రోయిడన్,
మార్చి

వదినగారికి,

మీ ఉత్తరం స్లౌకు వచ్చేసరికి నా పెట్టె కారులో ఉంది. శశాంక్ చదివాడు, మడిచాడు, నా చేతిలో పెట్టాడు. దారి పొడుగునా రేడియో పెట్టాడు. తల్లిని కూతురింట్లో దింపుతూ ఇంగ్లీషు పాటలు వినాల్సి వచ్చింది వాడికి.

హైమ మంచిదే. నా పెద్దకూతురు కాబట్టి అనడం కాదు. కానీ పొద్దున ట్రామ్ ఎక్కి ఆఫీసుకు వెళ్తే చీకటి పడ్డాకే రావడం. నేను కిటికీ దగ్గర కూర్చుని ట్రాములు చూస్తూ దిగులుపడుతుంటాను. స్లౌ ఇంట్లో బాత్‌రూమ్ కుళాయిలో వేడినీళ్లు మొదట చల్లగా వచ్చి తరవాత ఒక్కసారిగా కాలుతాయి. ఆ సంగతి మీకు తెలియదు. మనస్వినికి కాళ్లు వాచాయా? రాత్రుళ్లు ఎడమవైపు తిరిగి పడుకుంటోందా? కుక్క మందులు పూర్తయ్యాయా? నన్నెవరూ అడగరు, నాకెవరూ చెప్పరు. నేరం చేసినవాళ్లకైనా ఎందుకు శిక్ష వేశారో చెప్పి వేస్తారు.

నాకు శుక్లం ఉంది, ఒప్పుకుంటాను. ముక్కుకు లేదు కదా. వెల్లుల్లి వాసన తెలియకుండా నలభై ఏళ్లు వంట చేశానా?

మీరు తిట్టుకున్నా సరే, ఒకటి అడుగుతాను. సీమంతం రోజు నేను చాలాసేపు పూజ దగ్గర కూర్చున్నాను. కుక్క పైగదిలో ఉంది. వంటింట్లో ఉన్నది మీరు. కేటరింగ్‌వాళ్లు తెచ్చినదాంట్లో ఉల్లిపాయ పకోడీ ఉంది. వచ్చినవాళ్లలో ఎవరైనా ముద్దుకు పోయి ఆ పకోడీలు పైకి తీసుకెళ్లి కుక్కకు పెట్టారా? ఎవరైనా వంటింట్లో ఏమైనా కదిపారా? మీరు చూసి ఉంటారు. ఉన్నదున్నట్టు రాయండి. మీ మనవరాలో మనవడో పుట్టబోయేది నాకూ పుడుతున్నట్టే.

కమలాదేవి


లీడ్స్,
మార్చి

వదినగారికి,

మీరు నన్నే నిలదీస్తారని కలలో కూడా అనుకోలేదు. చేసిన పొరపాటు ఒప్పుకోలేక వచ్చిన పేరంటాళ్ల మీదికి, నా మీదికి నెట్టే పని పెట్టుకున్నారన్నమాట. అయితే నేను చెప్పకుండా దాచిన సంగతి కూడా వినండి.

ఆ పూట మీ పరువు కాపాడింది నేను. మీరూ మనస్వినీ పూజ దగ్గర కూర్చున్నారు. ఆడవాళ్లందరూ వచ్చేశారు. కేటరింగ్ వ్యాన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. టీతో పాటు పెట్టడానికి ఇంట్లో ఒక్క చిరుతిండి లేదు. అలమరలో వెతికితే నీలం మూత డబ్బా నిండా మీరు చేసిన చిలగడదుంప వరుగులు కనిపించాయి. నోట్లో వేసుకుంటే ఉప్పులేదు, పులుపులేదు, అట్టముక్క నమిలినట్టుంది. వరుగులు ఇలాగా చేస్తారు అనుకున్నాను గానీ పైకి అనలేదు. నేతిలో దోరగా వేయించాను. కారం వేస్తే మనస్వినికి గుండెల్లో మంటని ఉప్పు, గార్లిక్ పౌడర్ దండిగా చల్లి పళ్లెంలో పెట్టాను. అమర్‌నాథ్ గారి భార్య రెండోసారి అడిగి పెట్టించుకుంది. ఇవి ఎవరు చేశారండీ అంటే మా వదినగారు అని మీ పేరే చెప్పాను. ఇంతలో వ్యాన్ వచ్చింది. మిగిలినవి మళ్లీ అదే డబ్బాలో పోసి మూత పెట్టాను.

అంత చేసినదాన్ని పట్టుకుని వంటింట్లో ఏం కదిపావని అడుగుతున్నారు. అడగడానికి నోరెలా వచ్చింది?

ప్రఫుల్ల


క్రోయిడన్,
ఏప్రిల్ మొదలు

ప్రఫుల్లగారూ,

అవి కుక్కవి.

మీ ఉత్తరం హైమ చేత మళ్లీ చదివించుకున్నాను, నా కంటిని నేను నమ్మలేక. నీలం మూత డబ్బా మాంటీది. చిలగడదుంపలు చక్రాలుగా తరిగి, ఒక పొంగు రానిచ్చి, ఎండ లేని దేశం కాబట్టి వేడినీళ్ల బాయిలర్ ఉండే అలమరలో గుడ్డ మీద ఆరబెట్టి, చివర ఓవెన్‌లో సన్నవేడిన పెట్టి, నేను నెలల తరబడి చేసినవి అవే. బిస్కట్లు కావు. పిండీ లేదు, రాగీ లేదు. ఉప్పు లేకపోవడం నాకు చేతకాక కాదు, దానికి విషమని.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక, పాపం రోజంతా గదిలో పెట్టామని శశాంక్ దాన్ని కిందకు తెచ్చాడు. ఆ డబ్బా దాని ముందు పెట్టి మూత తీసి వదిలేశాడు. వాడికి జలుబు. ఇల్లంతా తాలింపు వాసన. అది అడుగు నాకి మరీ తిన్నది. చూస్తూ నేనే మురిసిపోయాను, నా చేతి వరుగులు ఎంత ఇష్టమో దీనికి అని.

మీరు తిన్నారు, ఊళ్లో పెద్దమనుషుల భార్యలు తిన్నారు, అది పోనివ్వండి, శుభ్రంగా చేసినవే. నాకు మండుతున్నది వేరే. ఎవరింట్లోనో డబ్బా తీసి, ఇదేమిటని ఒక్క మాట అడగకుండా, ఆమెకు ఉప్పు వేయడం కూడా రాదని తీర్మానించేశారు చూశారా, అది. గోడకు అవతలే కూర్చున్నాను నేను. పిలిస్తే పలికేదాన్ని. మీ అల్లుడూ అంతే, ఏం కలిపావనే అడిగాడు. నేను తప్పు చేసేదాన్నని అందరికీ ముందే తెలుసు.

మీ అమ్మాయికి మీరు చెప్పండి. మీ నోటితో.

కమలాదేవి


లీడ్స్,
ఏప్రిల్

వదినగారికి,

ఉత్తరం చదివి మావారికి కూడా చెప్పకుండా లోపల పెట్టాను. నాకు తెలియదు. నిజంగా తెలియదు. కుక్కకు వరుగులు చేస్తారని ఎవరు మాత్రం అనుకుంటారు?

చెప్తాను. కానీ ఇప్పుడు కాదు. మనస్వినికి బీపీ పెరిగింది, పడుకోమన్నారు. దానికి ఆ కుక్క బిడ్డతో సమానమని మీకు తెలుసు. నేను చేశానని తెలిస్తే నన్నూ గడప తొక్కనివ్వదు. మిమ్మల్ని పంపించేశారు. నన్ను కూడా వద్దంటే తొలికాన్పులో ఆ పిల్ల పక్కన ఎవరుంటారు? కాన్పు అయ్యేదాకా ఆగండి. మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ప్రఫుల్ల


క్రోయిడన్,
ఏప్రిల్

ప్రఫుల్లగారూ,

అంటే మీరు అక్కడ ఉండాలంటే నేను ఇక్కడ విషం పెట్టినదానిలా కూర్చోవాలన్నమాట. బాగుంది.

మీ ఉత్తరం చేరినప్పటి నుంచి హైమ నా మీద అరుస్తోంది. ఇప్పుడే తమ్ముడికి ఫోన్ చేస్తానంటుంది. చేయబోతే నేనే ఫోన్ లాక్కున్నాను. తరవాత నాకే కోపం ఆగక నేనే స్లౌ ఇంటి నంబరు నొక్కాను. అవతల రింగవుతుంటే ఆ పిల్ల కాళ్ల వాపు కళ్ల ముందు కదిలింది. బీపీ ఉన్న మనిషి ఉలిక్కిపడి లేస్తే ఏమవుతుందో, మెట్లు దిగుతూ తూలితే ఏమవుతుందో అని భయమేసి పెట్టేశాను. మా రేపల్లెలో నిండునెలల్లో జారిపడిన వాళ్లను చూశాను నేను. నా ప్రాణానికి ఎప్పుడూ చెడ్డే తోస్తుంది, ఏం చేయను.

కాబట్టి నేను నోరు మూసుకున్నది మీ కోసం కాదు. మీరు అడిగారనీ కాదు. ఇంకోసారి వేడుకుంటున్నానని రాయకండి. వేడుకునేవాళ్లు తప్పు తమ దగ్గర పెట్టుకుని వేడుకుంటారు, నా దగ్గర పెట్టి కాదు.

స్లౌ వెళ్లాక ఆ పిల్ల చేత నీళ్లు ఎక్కువ తాగించండి. కాళ్ల కింద దిండు పెట్టండి. కుళాయి సంగతి రాశాను కదా, చూసుకోండి.

కమలాదేవి


స్లౌ,
మే మొదటి వారం

కమలాదేవి వదినగారికి,

మనవరాలు పుట్టిన సంగతి శశాంక్ ఫోన్‌లో చెప్పే ఉంటాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. పిల్లకు జుట్టు ఒత్తుగా ఉంది, నుదురు మీ పోలికే.

చెప్పాను. హాస్పిటల్ నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు, మనస్విని పథ్యం అన్నం తింటుండగా, శశాంక్ ఎదురుగా నిలబడి ఉండగా చెప్పాను. నేతిలో వేయించిన దగ్గర నుంచి అంతా చెప్పాను. ఏదీ తగ్గించలేదు. అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. ముద్ద కంచంలో వదిలి, అత్తయ్యకు ఈ విషయం ఎప్పటి నుంచి తెలుసు అని అడిగింది. నెల అయిందన్నాను. కంచం నా వైపు నెట్టేసి బిడ్డను ఎత్తుకుంది. శశాంక్ కుక్క గొలుసు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. కుక్క ఇంట్లోనే ఉంది.

తిరిగి వచ్చి అమ్మను రమ్మంటానన్నాడు. సంతోషించేలోపే, ఎలాగూ మాంటీని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి కదా అన్నాడు. వదినగారూ, అల్లుణ్ణి నేను ఎప్పుడూ ఒక మాట అనలేదు. ఆ రోజు అన్నాను. "అమ్మను పిలిచేది కుక్క కోసమా? ఆ మాట ఆవిడతో అన్నావంటే నేనే ఈ ఇంట్లోంచి పోతాను" అన్నాను. మనస్విని ఇంగ్లీషులో అతనికి ఇంకో నాలుగు తగిలించింది. సగం నాకూ అర్థం కాలేదు, మంచివి మాత్రం కావు.

బొడ్డు ఊడింది. పిల్లకు నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోయాలి. ఇక్కడి నర్సులు ప్లాస్టిక్ తొట్టి అంటారు. మనస్విని మనలాగే పోయాలంటోంది. నా మోకాళ్లతో నేను పీట మీద కూర్చోలేను. కూర్చోగలిగినా మొదటిసారి పోసేది నేను కాదని వాళ్లిద్దరికీ చెప్పాను. పుట్టింటివారి బాధ్యత అని మీకు రాసినదాన్ని నేనే. ఆ పని మీరు చేయాలి.

నేను కూడా ఇక్కడే ఉంటాను. మీరు మాట్లాడకపోయినా పర్వాలేదు. శనివారం రండి. బిడ్డను నా చేతులతో మీ చేతుల్లో పెడతాను.

ప్రఫుల్ల


క్రోయిడన్,
మే

వదినగారికి,

శశాంక్ ఫోన్ చేశాడు. తప్పయిందమ్మా అన్నాడు. వినపడలేదన్నాను. మళ్లీ చెప్పాడు. ట్రామ్ పోతోంది, వినపడలేదన్నాను. మూడోసారి ఏడుస్తూ చెప్పాడు, ఇక ఆపమన్నాను. కడుపుమంట చల్లారిందని కాదు. పాలిచ్చే పెళ్లాం పక్కగదిలో ఉంటే మగవాడు అంత గట్టిగా ఏడవకూడదు, బిడ్డ ఉలిక్కిపడుతుంది.

మీ మీద కోపం పోలేదు. వస్తున్నాను కదా అని పోయిందనుకోకండి. మీరు అల్లుణ్ణి కేకలేశారని చదివి ఒక పూట అన్నం తిన్నాను, అంతే. వంటింట్లో డబ్బాల జోలికి మీరూ రావద్దు, నేనూ రాను. హైమ కొని ఇచ్చిన కాగితాల మీద ఏ డబ్బా ఎవరిదో మనస్వినే రాసి అంటిస్తుంది.

నువ్వులనూనె నేను తెస్తున్నాను, అక్కడిది వాడొద్దు. కుళాయి నీళ్లు నేను చెయ్యి పెట్టి చూసేదాకా బకెట్‌లో పట్టకండి. కిటికీ మూసి ఉంచండి. గదిలో హీటర్ వేయండి, కానీ మరీ ఎక్కువ వద్దు. కుక్కను పైగదిలో పెట్టండి, నా భయం కొద్దీ కాదు, అది ఆత్రంగా మీదికి దూకితే నా చెయ్యి వణుకుతుంది.

శనివారం హైమ దింపుతుంది. రాగానే కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చుంటాను. అప్పుడు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు తల కింద మీ చెయ్యి తీసేయకండి. పట్టుకున్నానని నేను చెప్పేదాకా ఉంచండి.

కమలాదేవి